గుండ్లవంక నియోజకవర్గం, 1955–2004

కర్నూలు,
19 జూన్ 2023.

చిన్నాయనకు సాహితి నమస్కరించి రాస్తున్నది.

ఈ పేరు చూసి ఎవరా అనుకుంటారేమో. మీ అన్న నరసింహ కూతుర్ని. మీరు జైలుకు పోయిననాడు నాకు ఆరేళ్ళు. ఆ రోజు గుర్తుందంటే అబద్ధం. మీ బుర్రమీసాలు మాత్రం గుర్తున్నాయి, ఒకసారి పట్టుకుని లాగితే అమ్మ నన్ను కొట్టింది.

నేనిప్పుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. విషయం మన గుండ్లవంక శాసనసభ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర. 2009లో హద్దులు మార్చినప్పుడు దాన్ని మూడు ముక్కలు చేసి పక్కవాటిలో కలిపేశారు కదా, ఇప్పుడా పేరు పాత ఫైళ్ళలో తప్ప ఎక్కడా లేదు. పదకొండు ఎన్నికల అంకెలూ సంపాదించాను. అవి చూసి మా గైడు మేడం, "ఇది చరిత్ర కాదమ్మా, ఎముకలగూడు" అంది. నాన్నను అడిగితే నవ్వాడు. "నేను గెల్సినోణ్ణి, నాకేం తెలుసు? ఓట్లు ఏపించినోడు మీ చిన్నాయన. వాణ్ణడుగు" అన్నాడు.

అందుకే ఈ ఉత్తరం. జైలు ఫోనులో మీకిచ్చే అయిదు నిమిషాలూ నాన్నకే చాలవు. 2004 గురించి మాత్రం నేనడగను. చిన్నమ్మ తమ్ముడు సుధీర్ మామ పేరు కూడా ఎత్తను. ఆయన చనిపోయారు, మీకు శిక్ష పడింది, దాని మీద కొత్తగా రాయడానికేముంది. అంతకు ముందరివి చెప్పండి చాలు.

చిన్నమ్మ మన ఊర్లోనే, మన ఇంట్లోనే ఉంది. ఆరోగ్యం అంతంత మాత్రం. భూపేష్ అన్న వచ్చే ఎన్నికల్లో టికెట్టు కోసం తిరుగుతున్నాడు.

జవాబు కోసం చూస్తుంటాను.
సాహితి

కడప జైలు,
2 జూలై 2023.

పాపా సాహితీ,

నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి ఇద్దరు చదివేశారు. ఇక్కడ ఉత్తరాలు అట్లాగే వస్తాయి, పెళ్ళిలో మూడో బంతి భోజనం మాదిరి. అయినా కడుపు నిండింది. "మీరు" అని రాశావు. నా మీసం పట్టుకుని "రేయ్ చిన్నాయనా" అన్న నోరు నీది. నువ్వు అనే రాయి.

గుండ్లవంకకు చరిత్ర ఏముంది అంటారు గాని, ఉంది. ముందు ఇది రాసుకో: మన నియోజకవర్గంలో పార్టీలు లేవు. రెండు ఇళ్ళున్నాయి. రాతిమేడ మనది, తోటిల్లు వాళ్ళది. పార్టీలు వస్తాయి, పోతాయి, ఒక్కోసారి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. డెబ్భై ఎనిమిదిలో అయితే రెండు ఇళ్ళూ ఒకే రోజు పార్టీలు మార్చుకున్నాయి. కండువాలు ఎవరివి ఎవరికిచ్చారో తెలియక జెండా మోసేవాళ్ళు కొట్టుకున్నారు.

యాభై అయిదులో అభ్యర్థికొక పెట్టె పెట్టేవాళ్ళట. మా అవ్వ చెప్పేది, ఆడవాళ్ళు పెట్టెలకు పసుపూ కుంకుమా పెట్టి, ఓటు కాగితం పెట్టె మీద ఉంచి దండం పెట్టుకుని వచ్చేశారని. అట్లా మీదపెట్టిన కాగితాలన్నీ తోటింటి పెద్దాయన తీసి తన పెట్టెలో వేసుకున్నాడు. మన ఇల్లు ఓడింది. ఆ పగ అరవై రెండు దాకా నిలిచింది, అప్పుడు మా తాత రెండు వందల పన్నెండు ఓట్లతో గెలిచాడు. అందులో నూటికి పైగా చచ్చినవాళ్ళవి. మన ఊర్లో ఓటుకు చావు లేదు.

ఎనభై మూడులో మాత్రం ఒక వింత జరిగింది. గాలి వీచి, ఇద్దర్నీ పక్కకు నెట్టి, ఒక బడిపంతులు గెలిచాడు. రెండేళ్ళకు మళ్ళీ ఎన్నికలొచ్చే దాకా ఆయనే ఎమ్మెల్యే. ఒక్క ఊర్లోనూ ఆయనకు కుర్చీ వేసినవాడు లేడు. ఓడిపోయినాక నందికొట్కూరులో ఎరువుల అంగడి పెట్టుకుని సుఖంగా బతికాడు. మన చరిత్రలో సుఖపడిన ఎమ్మెల్యే ఆయనొక్కడే.

ఇక నా సంగతి. సత్ప్రవర్తన కింద వదిలేవాళ్ళ జాబితాలో నా పేరుంది. ఆగస్టు పదిహేనుకు వదులుతారని అంటున్నారు. ఇప్పటికి మూడుసార్లు ఆశపడ్డాను. మూడుసార్లూ "ఊర్లో అభ్యంతరం ఉంది" అని తిరిగొచ్చింది. తోటింటి వాళ్ళు రాస్తారు, రాయరా మరి? వాళ్ళ బిడ్డ చచ్చాడు. మీ నాన్నను ఒకసారి పోయి ఆ పెద్దాయన కాళ్ళు పట్టుకోమను.

నాకు బయటికి రావాలని ఉన్నది ఒక్కదాని కోసమే. మీ చిన్నమ్మకు ఒక మాట చెప్పాలి. ఆమె నా ముఖం చూస్తుండగా చెప్పాలి. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ములాఖత్‌కు రాలేదు. రెండుసార్లు పెరోలు మీద నేను వస్తే పుట్టింటికి పోయి తలుపేసుకుంది. తప్పేమీ లేదు. తమ్ముణ్ణి చంపినోడికి అన్నం ఎవరు పెడతారు?

ఆమె ఆరోగ్యం అంతంత మాత్రం అన్నావు. ఏమైందో సరిగా రాయి.
మీ చిన్నాయన
ఓబులేసు

కర్నూలు,
21 ఆగస్టు 2023.

చిన్నాయనా,

పదిహేనో తేదీ పేపర్లో జాబితా చూశాను. నీ పేరు లేదు. నాన్నను అడిగితే "తోటింటోళ్ళే, ఇంగెవరు" అన్నాడు. ఏం రాయాలో తెలియక వారం ఆగాను.

చిన్నమ్మకు చక్కెర జబ్బు. కళ్ళకు పాకింది. నేనే కర్నూలు ఆసుపత్రికి పిల్చుకుపోయాను. ఎడమ కన్ను పోయినట్టే, కుడిది ఇంకొక ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అన్నాడు డాక్టరు. దారిలో ఆమె కిటికీ పక్కన కూర్చుని మైలురాళ్ళు లెక్కపెట్టింది. చదువు రాదు గదా, అంకెలు మాత్రం వచ్చు.

నీ ఉత్తరం చదివి వినిపించనా అని అడిగాను. "ఆయప్ప రాత నాకెందుకు పాపా? ఓట్ల సంగతులు నువ్వే సదువుకో" అంది. కోపంగా కాదు, ఉప్పు చాలిందా అని అడిగినట్టు అంది.

మా మేడం నీ ఉత్తరం చూసి కుర్చీలోంచి లేచింది. ఆ పెట్టెల మీద పసుపు కుంకుమల సంగతి ఏ పుస్తకంలోనూ లేదట. ఎనభై తొమ్మిది నుంచి చెప్పు. నీ దగ్గర కాగితాలేమైనా ఉన్నాయా?

నీ
సాహితి

కడప జైలు,
10 సెప్టెంబరు 2023.

పాపా,

ఆ ఏడాదిన్నర అన్న మాట చదివి మూడు రోజులు జైలు మగ్గం పని చేయలేదు. జనవరి ఇరవై ఆరు ఒకటుంది, మళ్ళీ ఆగస్టు ఒకటుంది. ఆలోపు రావాలి. ఆమెకు ఒక్క కన్ను మిగిలినా చాలు.

సరే, నీ పని చూద్దాం. ఎనభై తొమ్మిదిలో మనవాళ్ళు నాలుగు పెట్టెలు ఎత్తుకుపోయి బావిలో వేశారు, తోటింటి వాళ్ళు ఆ బావిలో కిరసనాయిలు పోశారు. పెట్టెలు పోయాయి, నీళ్ళూ పోయాయి. ఆ వేసవి ఊరంతా నాలుగు మైళ్ళు నడిచి నీళ్ళు తెచ్చుకుంది. రీపోలింగులో తోటిల్లు గెలిచింది. ఆ తర్వాత అయిదేళ్ళలో అటు ముగ్గురు, ఇటు నలుగురు పోయారు.

తొంభై నాలుగులో పెద్దలు కూర్చుని రాజీ చేశారు. రాజీకి ఒక పెళ్ళి కావాలి. తోటింటి ఆడబిడ్డ సుబ్బరత్నమ్మను నాకిచ్చారు. మూడు రోజుల పెళ్ళిలో మొదటి రోజు రెండు వైపులా మగవాళ్ళందరూ చొక్కాల లోపల ఏదో ఒకటి పెట్టుకునే కూర్చున్నారు. రెండో రోజు తీసి పక్కన పెట్టారు. మూడో రోజు సుధీర్, అప్పటికి పద్నాలుగేళ్ళు, నా పక్కన కూర్చుని "బావా, మా యక్కను కొడితే సూడు" అన్నాడు. ఆ పదేళ్ళూ మన నియోజకవర్గానికి మంచి కాలం. సుధీర్ వారానికొకసారి అక్క చేతి జొన్నరొట్టె తినడానికి మన ఇంటికి వచ్చేవాడు. తొంభై తొమ్మిదిలో మీ నాన్న గెలిచినా ఒక్క తల పగల్లేదు.

నేను ఎనభై అయిదు నుంచి మన ఊరి 41వ బూత్‌లో రాతిమేడ ఏజెంటును. తోటింటి ఏజెంటు బాలస్వామి. ఏజెంటు పని అందరూ చేస్తారు గాని నాకొక పిచ్చి ఉండేది. ఓటర్ల జాబితాలో ప్రతి పేరు పక్కనా, వాళ్ళు వచ్చి ఓటేసిన టైము నా చేత్తో రాసేవాణ్ణి. ఎవరు ఏ వేళకు వస్తారో తెలిస్తే ఎవరి మాట మీద వస్తారో తెలుస్తుంది. సాయంత్రం బూత్ మూసినాక, మధ్యలో లేచిపోవాల్సి వస్తే అప్పుడే, నా జాబితా మీద బాలస్వామి, వాడి జాబితా మీద నేను ప్రతి పేజీకీ సంతకాలు పెట్టుకునేవాళ్ళం. రేపు నువ్వట్లా అన్నావు, నేనిట్లా అన్నాను అని కత్తులు తీయకుండా పెద్దలు పెట్టిన ఆచారం అది. ఆ జాబితాలన్నీ మీ చిన్నమ్మ రేకు పెట్టెలో ఉంటాయి. తీసుకో. 2004ది ఉండదు, మీ నాన్న కాల్చేశానన్నాడు.

2009లో హద్దులు మార్చారని ఇక్కడ పేపర్లో చదివాను. నేను లోపలికొచ్చిన అయిదేళ్ళకు నియోజకవర్గమే లేకుండా పోయింది. యావజ్జీవం నాకు, అయిదేళ్ళు దానికి. పక్క మంచం ఉరుకుందు, "లేని సీటుకు శిచ్చ ఏందప్పా?" అని ఇప్పటికీ నవ్వుతాడు.

చిన్నమ్మకు మందులు ఆపవద్దు.
ఓబులేసు

కర్నూలు,
5 నవంబరు 2023.

చిన్నాయనా,

ఈ ఉత్తరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

రేకు పెట్టె తెరిచాను. జాబితాలన్నీ ఉన్నాయి. అడుగున సుధీర్ మామ చొక్కా ఒకటి మడిచి ఉంది, దాని మడతలో ఇంకొక జాబితా. 2004ది. ఇదెక్కడిది అని చిన్నమ్మను అడిగితే, "ఆ పొద్దు సాయంత్రం ఆయప్ప సద్ది క్యారియరు సంచిలో వచ్చినాది. మా తమ్ముడు పోయిన దినం కాగితం, పారేయబుద్ది కాల్యా" అంది. అదేమిటో ఆమెకు తెలియదు.

నేను చదివాను. సుధీర్ మామను వంక ఒడ్డున నరికింది పొద్దున పదకొండింటికి అని కోర్టు తీర్పులో ఉంది. ఊరికి ఆరు కిలోమీటర్ల దూరం. నీ జాబితాలో 10.40కి కుమ్మరి జీవమ్మ ఓటు ఉంది. 10.44, 10.47, 10.51, అట్లా ఒంటిగంట దాకా మూడు నాలుగు నిమిషాలకు ఒక పేరు. అన్నీ నీ చేతిరాత. ప్రతి పేజీ కింద బాలస్వామి సంతకం.

చిన్నాయనా, నువ్వు చంపలేదు!

ఇరవై ఏళ్ళు! వకీలును కలుస్తాను. చిన్నమ్మకు ఈ క్షణమే చెప్పేదాన్ని, అంత దూరం వచ్చి ఎందుకో ఆగాను. నువ్వు చెప్పాలనుకున్న మాట ఇదే కదా? నువ్వు ఊ అను, ఈ రోజే చెబుతాను. కోర్టులో "నేనే" అని ఎందుకు ఒప్పుకున్నావు? ఎవరు కొట్టి ఒప్పించారు?

సాహితి

24 నవంబరు 2023.

పాపా,

ఈ ఉత్తరం గేటులో ఎవరూ చదవలేదు. శిక్ష అయిపోయి పోతున్న ఉరుకుందు చేతికిచ్చి పంపుతున్నాను. చదివి చింపెయ్. నీ ఉత్తరం గేటులో ఎవడూ సరిగా చదవకపోవడం మన అదృష్టం.

నేను చంపలేదని నాకు తెలియదా తల్లీ? నువ్వు కనిపెట్టి నాకు చెబుతున్నావు! ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

నన్నెవరూ కొట్టలేదు. ఆ పొద్దు వంక దగ్గర జీపు దిగింది మీ అన్న భూపేష్. వాడికప్పుడు పంతొమ్మిదేళ్ళు. పక్క ఊరి బూత్ తోటిల్లు పట్టుకుందని ఎవడో చెబితే తాగి పోయాడు. ఎదురుగా సుధీర్ వచ్చాడు. వాణ్ణి చూసి భూపేష్ "మామా, రొట్టెలు తినేకి వస్తివా?" అని నవ్వాడట. అంతే జరిగింది.

మధ్యాహ్నానికి మీ నాన్న బూత్ దగ్గరికి వచ్చి, వేపచెట్టు కింద నా చేతులు పట్టుకున్నాడు. "ఓబులేసూ, ఇల్లు నిలబడాలంటే ఒక మనిషిని ఇయ్యాల. వాడు నా కొడుకు, వాడిది నూనూగు మీసం. నీకు బిడ్డల్లేరు. నేను గెలుస్తాండా. పదేండ్లు కాకముందే నిన్ను ఇంటికి తెస్తా" అన్నాడు. తోటింటి పెద్దలకూ ఎవడో తాగుబోతు కుర్రవాడి కంటే ఎమ్మెల్యే తమ్ముడు జైల్లో ఉండటమే గౌరవం. వాళ్ళు ఒప్పుకున్నారు. బాలస్వామి నోరు మూసుకున్నాడు. ఇంకొక తల తెగకుండా అయిపోయింది. ఆడవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మన వైపు అది ఆచారం. మనిషిని ఇచ్చిన సంగతి పొయ్యి దాకా పోకూడదు.

అహోబిలం నరసింహస్వామి మీద మీ నాన్న నా చేత ప్రమాణం చేయించాడు. పెరోలు మీద కాదు, విడుదలయి జైలు గేటు దాటి ఇంటికి వచ్చే దాకా సుబ్బరత్నకు చెప్పనని. వచ్చినాక నీ ఇష్టం అన్నాడు. ఆ "వచ్చినాక" కోసమే నేను బతుకుతున్నాను. వచ్చిన రోజే, చెప్పులు విడవకముందే చెబుతాను. అది నేను చెప్పాల్సిన మాట, నువ్వు చెప్పవద్దు. ఇంకొకరి నోటి వెంట వింటే ఆమె నమ్మదు కూడా.

జాబితా కాల్చెయ్. అది బయటికొస్తే భూపేష్ పోతాడు, నేనిచ్చిన ఇరవై ఏళ్ళు వృథా అవుతాయి. నీ పుస్తకానికి మిగిలిన పది ఎన్నికలు చాలవా?

ఓబులేసు

కర్నూలు,
11 మార్చి 2024.

చిన్నాయనా,

ఆలస్యానికి ఏమనుకోవద్దు. ఇంట్లో చాలా జరిగింది.

నువ్వు చెప్పినట్టే చిన్నమ్మకు నేనేమీ చెప్పలేదు. కాగితం గురించి బెంగ పడవద్దు, అది ఎవరి కంటా పడదు.

భూపేష్ అన్న పోటీ నుంచి తప్పుకున్నాడు. గుండెలో ఏదో ఇబ్బందని పేపర్లకు చెప్పాం. ఒక మధ్యాహ్నం నేనూ, వాడూ, నాన్నా ముగ్గురం మేడ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. కిందికి దిగేసరికి టికెట్టు నాకని తేలింది. నాన్న రెండు రోజులు అన్నం తినలేదు, మూడో రోజు నన్ను పిలిచి ఓటర్ల జాబితాలు ముందర పెట్టాడు. చదువుకున్న ఆడపిల్ల, కొత్త ముఖం అని పార్టీవాళ్ళు సంతోషించారు.

గుండ్లవంక పాత ఊర్లు ముప్పై ఆరు ఈ కొత్త నియోజకవర్గంలోనే ఉన్నాయి. పరిశోధన ఊరికే పోలేదు చూడు. మన ఊర్లో తోటింటి మాట వినే ఇళ్ళు ఇప్పుడెన్ని? వాళ్ళను ఎట్లా కదిలించాలి? నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వివరంగా రాయి.

జనవరి జాబితాలో ఎవరినీ వదల్లేదు కదా. ఆగస్టు ఉంది.
సాహితి

కడప జైలు,
29 మార్చి 2024.

నా బంగారు తల్లికి,

బ్యారక్ అంతా బెల్లం పంచాను. మన ఇంట్లో ఆడపిల్ల నిలబడటం ఇదే మొదలు. చరిత్ర రాస్తానని పోయి చరిత్రలో కూర్చుంటున్నావు!

భూపేష్ వెనక్కి తగ్గడం వింతగా ఉంది. వాడు ఉత్త పుణ్యానికి మంచినీళ్ళు కూడా ఇచ్చే రకం కాదు. ఏదో ఒకటి, వయసు వచ్చి బుద్ధి వచ్చిందనుకుంటాను.

తోటింటి మాట వినే ఇళ్ళు నూట నలభై. వాళ్ళకు మైకులు, కండువాలు పని చేయవు. నువ్వు ఒంటరిగా, నడిచి, సుధీర్ అమ్మ దగ్గరికి పో. ఎనభై దాటి ఉంటుంది. ఓటు అడగవద్దు. కాళ్ళకు దండం పెట్టి, ఒక రొట్టె పెట్టమని అడుగు. పెడితే నూట నలభై ఇళ్ళూ నీవి. పెట్టకపోయినా సగం నీవి. అట్లాగే మీ చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఊరేగు. ఆ ఇంటి బిడ్డ, ఈ ఇంటి కోడలు. ఆమెను చూస్తే ఎవడికీ రాయి విసరడానికి చెయ్యి రాదు.

నువ్వు గెలిస్తే ఇక తోటింటి అభ్యంతరం ఎవడు చూస్తాడు? ఎమ్మెల్యే ఒక్క సంతకం పెడితే నేను ఇంట్లో ఉంటాను. మీ చిన్నమ్మ కుడికన్ను ఎట్లా ఉంది? అది రాయడం మరిచావు.

ఓబులేసు

శాసనసభ్యురాలి కార్యాలయం,
27 ఆగస్టు 2024.

గౌరవనీయులైన చిన్నాయన గారికి,

మీ ఆశీస్సులతో మూడు వేల నూట ఆరు ఓట్ల ఆధిక్యంతో గెలిచిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మీ సలహా ప్రకారం సుధీర్ మామ తల్లి గారి దగ్గరికి వెళ్ళాను. ఆమె రొట్టె పెట్టారు. తింటుంటే తీసిన ఫోటో అన్ని పేపర్లలోనూ వచ్చింది.

నా పుస్తకం కూడా అచ్చయింది. ఒక ప్రతి పంపుతున్నాను. ముందుమాటలో మీ పేరు ప్రస్తావించడం పరిస్థితుల రీత్యా సాధ్యపడలేదు.

ఈసారి కూడా మీ విడుదల జరగనందుకు విచారిస్తున్నాను. తోటింటి వారు మళ్ళీ అభ్యంతరం తెలిపారని అధికారులు చెప్పారు. నేను ఎంత ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. వచ్చే ఏడాది చూద్దాం. ధైర్యంగా ఉండండి.

చిన్నమ్మకు వైద్యం నా సొంత ఖర్చుతో చేయిస్తున్నాను.

ఇట్లు,
సాహితి

కడప జైలు,
19 జనవరి 2025.

ఎమ్మెల్యే సాహితికి,

ఇదీ గేటులో చూపకుండా, విడుదలై పోతున్న ఒకడి చేతే పంపుతున్నాను. నీ పుస్తకం రెండుసార్లు చదివాను. బాగా రాశావు. నూట పన్నెండో పేజీలో ఒక తప్పుంది. 2004లో 41వ బూత్‌లో రాతిమేడ తరఫున ఏజెంటు లేడని వేశావు. ఉన్నాడు.

సమాచార హక్కు కింద కాగితం పెట్టుకుంటే ఇస్తారని ఇక్కడ చదువుకున్న ఖైదీ ఒకడు చెప్పాడు. పెట్టాను. నన్ను ఎందుకు వదల్లేదో అయిదుసార్లవీ అయిదు కాగితాలు పంపారు. తోటింటి వాళ్ళు ఒక్కసారీ అభ్యంతరం రాయలేదు. రెండుసార్లు "మాకేమీ అభ్యంతరం లేదు" అని సుధీర్ అమ్మే వేలిముద్ర వేసింది. మొదటి నాలుగు అభ్యంతరాల మీద మా అన్న సంతకం. "ఇతడు వస్తే గ్రామ శాంతికి భంగం." అయిదోదాని మీద నీది. పొడుగ్గా తోక తిప్పే ఆ "సా" నాకు తెలియదా? ఎన్ని ఉత్తరాలు రాశావు నాకు!

ఎందుకని అడగను. ముసలివాణ్ణయినా బూత్‌లో కూర్చున్నవాణ్ణి, లెక్క వచ్చు నాకు. నువ్వు జాబితా కాల్చలేదు. అది చూపించి మీ అన్నను దించావు. నేను వస్తే సుబ్బరత్నకు చెబుతాను, ఆమె పుట్టింటికి చెబుతుంది, నూట నలభై ఇళ్ళు పోతాయి, మీ అన్న కటకటాల వెనక్కి పోతాడు, నీ కుర్చీ పోతుంది. వచ్చిన రోజే చెబుతానని నీకు రాసింది నేనే కదా. కొరివితో తల గోక్కున్నాను. మా అన్న నాకు చేసింది ఒక తండ్రి చేసేదే అని ఇరవై ఏళ్ళు సర్దుకున్నాను. నువ్వు చేసింది ఎక్కడ సర్దుకోవాలో తెలియడం లేదు. నా భుజం మీద పెరగాల్సిన పిల్లవు నువ్వు.

నేనిక రాను. అది అర్థమయింది. గేటు దాటనివాడికి ప్రమాణం ఏమిటి? స్వామితో నేను మాట్లాడుకుంటాను. ఆమెకు చూపు పోకముందు రావాలనుకున్నాను, అదీ జరగలేదు. చెవులున్నాయి. కింద రాసినది ఆమెకు చదివి వినిపించు. ఆ ఇంట్లో చదువు వచ్చి, ఆమె నమ్మే మనిషివి నువ్వొక్కదానివే. వేరే దారి లేక నిన్నే అడుగుతున్నాను. నీకు పోయేదేమీ లేదు, భూపేష్ పేరు ఇందులో రాయలేదు. ఒక్క అక్షరం వదలకుండా చదువు. ఇది చేస్తే ఇంక జన్మలో నిన్ను ఏమీ అడగను.

"సుబ్బరత్నా, నేను ఓబులేసును. నీ తమ్ముణ్ణి నేను చంపలేదు. వాడు చచ్చిన టైముకు నేను బూత్‌లో కూర్చుని పేర్లు రాస్తాండా. నువ్వు చొక్కా మడతలో దాచిన కాగితం అదే. ఎవరు చంపినారో అడగొద్దు. నేను కాదు, అంతే. వాణ్ణి నేను బిడ్డ మాదిరి చూసుకుంటినని నీకు తెలుసు. ఇన్నేండ్లు చెప్పకపోవడం నా తప్పు. దానికి ఏమన్నా అను. చంపినాడని మాత్రం అనుకోవాకు."

ఓబులేసు

శాసనసభ్యురాలి కార్యాలయం,
9 ఫిబ్రవరి 2025.

గౌరవనీయులైన చిన్నాయన గారికి,

మీ ఉత్తరం చేరింది. ఈ కవరు గేటులో విప్పవద్దని జైలు అధికారులకు చెప్పాను. పోయిన ఆదివారం ఊరికి వెళ్ళి, గదిలో ఇంకెవరూ లేకుండా చూసి, మీరు రాసింది చిన్నమ్మకు చదివాను. ఆమెకు చూపు పూర్తిగా పోయింది. కాగితాన్ని వేళ్ళతో తడిమి, "ఎన్ని వరసలు రాసినాడు పాపా?" అని అడిగింది. ఎనిమిదని చెప్పాను.

సుధీర్ మామను మీ చేతులతో చంపినందుకు ఇరవై ఏళ్ళుగా కుమిలిపోతున్నారనీ, ఆమె కాళ్ళ మీద పడి ఆ పాపం ఒప్పుకోవడానికే బయటికి రావాలనుకున్నారనీ చదివాను. ఆ చొక్కా మడతలోని కాగితం గురించి ఆమె అడగలేదు. అది ఇప్పుడు ఆ పెట్టెలో లేదు కూడా.

ఇల్లు నిలబడాలంటే ఒక మనిషిని ఇవ్వాలని నాకు రాసింది మీరే. నూట పన్నెండో పేజీ రెండో ముద్రణలోనూ అట్లాగే ఉంటుంది. మీరు ఇక వేరే ఎవరి చేతనైనా మరో మాట రాయించి పంపితే, దయచేసి ముందు ఇది ఆలోచించండి: ఆ మధ్యాహ్నం చిన్నమ్మ రెండు రొట్టెలు తిన్నది. 2004 పోలింగు రోజు నుంచి ఆమె జొన్నరొట్టె ముట్టలేదట, నాకు ఆ సంగతే తెలియదు. తిని, చాలాసేపు ఏడ్చి, మీకు రాయమని ఒక మాట చెప్పింది. ఒక్క అక్షరం వదలకుండా రాస్తున్నాను.

"ఒప్పుకోకుండానే పోతాడేమో అనుకుంటి పాపా. ఒప్పుకున్న్యాడు. నా కడుపులో మంట సల్లారింది. నా తమ్ముణ్ణి సంపిన పాపం నేను క్షమించినానని ఆయప్పకు రాయి."

ఇట్లు,
సాహితి